భర్త సంతకంతో వచ్చిన పదిహేనేళ్ల లీజు: ఒక మల్గి కేసు

కిరాయి తగాదాల్లో దొంగ కాగితాలు కొత్త కాదు. మల్గి (దుకాణం గది) ఖాళీ చేయమన్న రోజున ఎక్కడినుంచో ఒక పాత లీజు ఊడిపడుతుంది. ఒక్కోసారి ఇంటి యజమానే తెల్ల స్టాంపు పేపరు మీద ముందే తీసుకున్న సంతకం పైన తనకు నచ్చిన షరతులు రాయించుకుంటాడు. నేను చూసిన వాటిలో రెండు రకాలూ ఉన్నాయి. ఈ కేసును రాసిపెట్టడానికి కారణం వేరే. ఫోర్జరీని ఎప్పుడు నిరూపించాలి, ఎప్పుడు ఆ జోలికి పోకుండానే గెలవాలి అన్న ప్రశ్న ఇందులో అడుగడుగునా ఎదురైంది.

తెలంగాణలో ఒక పట్టణం. పేర్లు, వ్యాపారం, మొత్తాలు మార్చాను. తేదీల వరుసను మాత్రం ముట్టుకోలేదు. కేసు తేలింది ఆ వరుస మీదే.

నేపథ్యం

నా క్లయింటు అరవై దాటిన ఒక గృహిణి. ఇంటి ముందు భాగంలో మల్గి ఉంది. ఆమె భర్త దాన్ని ఒక బట్టల వ్యాపారికి కిరాయికిచ్చారు. ఊళ్లో అందరూ చేసినట్టే పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకున్నారు, అది అయిపోయాక ఇంకొకటి. తర్వాత తర్వాత కాగితం మానేసి నోటిమాట మీదే నడిపించారు. 2016 చివర్లో భర్తకు పక్షవాతం వచ్చింది, 2019లో పోయారు. అప్పటినుంచి కిరాయి ఆమె చేతికే వస్తోంది.

2022లో చిన్నకొడుకు సొంతంగా దుకాణం పెట్టుకుంటానన్నాడు. ఖాళీ చేయమని అడిగితే వ్యాపారి దసరా దాటనివ్వమన్నాడు, తర్వాత సంక్రాంతి అన్నాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. కిరాయి మొత్తం రెంట్ కంట్రోల్ చట్టం పరిమితిని దాటింది కాబట్టి దారి సివిల్ కోర్టే. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల గడువిచ్చి నోటీసు పంపాం.

ఎదురైన సమస్య

జవాబు నోటీసుతో పాటు ఒక జిరాక్స్ వచ్చింది. 2015 జూన్ తేదీ, వంద రూపాయల స్టాంపు పేపరు, దానికి మూడు తెల్ల కాగితాలు జత. పదిహేనేళ్ల లీజు. కిరాయి ఆమె తీసుకుంటున్నదాంట్లో సగమే. పన్నెండు లక్షల అడ్వాన్సు ముట్టిందనీ, అది తిరిగి చెల్లించేదాకా ఖాళీ చేయించకూడదనీ ఒక షరతు. కింద ఆమె భర్త సంతకం, ఇద్దరు సాక్షులు. ఒక సాక్షి అప్పటికే చనిపోయాడు, రెండో ఆయన ఆ దుకాణంలోనే గుమాస్తా.

ఆమె ఆ కాగితం చదవలేదు, సంతకం దగ్గరే చూపు ఆపేసింది. "ఇది ఆయన చెయ్యి కాదు సార్. పన్నెండు లక్షలు మా ఇంట్లోకొస్తే నాకు తెలియకుండా ఉంటదా?" అంది.

కొడుకు ఆలోచన ఇంకోలా ఉంది. "వాడొకటి పుట్టించిండు కదా సార్, మనం కూడా ఒకటి చేయిద్దాం. నాన్న పాత సంతకాలు ఉన్నయి. పాత స్టాంపు పేపర్లు ఎక్కడ దొరుకుతయో నాకు తెలుసు." అతనిది దుర్మార్గం కాదు. అన్యాయం జరిగిందన్న ఉక్రోషం. కానీ ఈ మాట కిరాయి కేసుల్లో ఎంత తరచుగా వినబడుతుందంటే, దానికి నేనిచ్చే జవాబు ఇక్కడ పూర్తిగా రాయాలనిపిస్తోంది. ఎదుటివాడు ముందు ఫోర్జరీ చేశాడన్నది మన ఫోర్జరీకి రక్షణ కాదు. అదే సెక్షన్ మనకూ వర్తిస్తుంది, అమ్మ వాది కాబట్టి మొదటి సంతకం ఆమెదే అవుతుంది. ఎస్.పి. చెంగల్వరాయ నాయుడు కేసులో 1993లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: మోసంతో పొందిన తీర్పు అసలు తీర్పే కాదు, దాన్ని ఏ కోర్టులోనైనా ఎప్పుడైనా ప్రశ్నించవచ్చు. ఆ కేసులో జరిగింది ఒక పత్రాన్ని కోర్టుకు చూపకుండా దాచడమే. దాచినందుకే అంత దూరం వెళితే, సృష్టించినందుకు ఎక్కడిదాకా వెళుతుందో ఊహించుకోవచ్చు. అలాంటి కాగితం ఫైల్లో పెడితే వకాలత్ వెనక్కిచ్చేస్తానని చెప్పాను. కొడుకు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మొదటి నిర్ణయం: ఫోర్జరీ తేలకపోయినా గెలవగలమా?

దొంగ కాగితం చూడగానే సంతకం మీదికే మనసు పోతుంది. నేను సంతకాన్ని పక్కనపెట్టి ఒకే ప్రశ్న వేసుకున్నాను: ఇది అసలు పత్రమే అనుకుంటే అప్పుడేమిటి?

ఏడాది మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆస్తి బదిలీ చట్టం 107, రిజిస్ట్రేషన్ చట్టం 17 ఆ సంగతి చెబుతాయి. రిజిస్టర్ కాకపోతే 49వ సెక్షన్ ప్రకారం ఆ పత్రంతో పదిహేనేళ్ల హక్కును కోర్టులో నిలబెట్టుకోలేరు. అనుషంగికమైన విషయాలకే, కోర్టు భాషలో కొలాటరల్ పర్పస్‌కే, చూడొచ్చు. లీజులోని ముఖ్య షరతులను ఆ పేరుతో దొడ్డిదారిన తేవడం కుదరదని 2008లో కె.బి. సాహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి పత్రం అసలైనా దొంగదైనా అది నెలనెలా సాగే కిరాయే, మా పదిహేను రోజుల నోటీసు సరిపోతుంది.

దీంతో ఖాళీ చేయించే పోరాటం సంతకం నుంచి విడిపోయింది. మిగిలింది పన్నెండు లక్షల అడ్వాన్సు. దాని కోసం అతను మా దావాలోనే కౌంటర్ క్లెయిమ్, అంటే ఎదురు దావా, వేశాడు. ఫోర్జరీ తేలాల్సింది అక్కడ, ఆ తర్వాత క్రిమినల్ కోర్టులో. వాద పత్రంలో రెండు వాదనలూ పెట్టాం: పత్రం సృష్టించినది, ఒకవేళ నిజమైనా చెల్లదు. సృష్టించినదన్న చోట ఎందుకు అంటున్నామో వివరాలన్నీ రాశాం. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6 రూల్ 4 మోసం ఆరోపణకు వివరాలు అడుగుతుంది. 'పత్రం దొంగది' అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్న వాదాలు సాక్ష్యం దశలో చతికిలబడటం చాలాసార్లు చూశాను.

పని చేయనివి

క్లయింటు ముందే పోలీస్ స్టేషన్‌కు వెళ్లి వచ్చింది. సివిల్ తగాదా, కోర్టులో తేల్చుకోండి అన్నారు. చేతిలో జిరాక్స్ తప్ప ఏమీ లేని ఆ దశలో నేనూ పట్టుబట్టలేదు. జిరాక్స్ మీద నిపుణుడు అభిప్రాయం ఇవ్వడు. ఒరిజినల్ ఎదుటివాడి బీరువాలో ఉన్నంతకాలం కేసు పెడితే అది మాయమయ్యే ప్రమాదమే ఎక్కువ.

సిరా వయసు తేల్చమని పిటిషన్ వేద్దామని కుటుంబం గట్టిగా కోరింది. 2015లో రాసిందా 2022లో రాసిందా సిరాయే చెబుతుంది కదా అని. వినడానికి సబబుగానే ఉంది. కోర్టులు మాత్రం ఇలాంటి పిటిషన్లను తరచూ కొట్టేస్తాయి, నమ్మదగిన పరీక్షా సౌకర్యం లేదని. పైగా సిరా తయారైన కాలం వేరు, దాంతో రాసిన కాలం వేరు. పాత పెన్నుతో ఈరోజూ రాయొచ్చు. వాళ్ల తృప్తి కోసం వేశాం. కొట్టేశారు.

చేతిరాత నిపుణుడి దారి కూడా అనుకున్నంత దూరం తీసుకుపోలేదు. పోల్చడానికి అదే కాలపు నిస్సందేహమైన సంతకాలు కావాలి. బ్యాంకు నుంచి నమూనా సంతకాల కార్డు, పాత చెక్కులు తెప్పించాం. పక్షవాతం తర్వాతి సంతకాల్లో వణుకు ఉంది, ముందటివి మరీ తక్కువ. ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి వచ్చిన జవాబు: ఇచ్చిన నమూనాలతో నిర్దిష్ట అభిప్రాయం చెప్పలేం. ఎదుటి వకీలు దాన్ని తన గెలుపుగా చూపబోయారు. అది గెలుపు కాదని చెప్పడానికి నా దగ్గర తిరువెంగడ పిళ్లై కేసు ఉంది. 2008 నాటి ఆ తీర్పు ప్రకారం పత్రాన్ని ముందుకు తెచ్చినవాడే అది రాయబడిందని నిరూపించాలి, సంతకం కాదన్నవాడు 'లేదు' అని నిరూపించనక్కర్లేదు.

అదే తీర్పు ఇంకో అపోహనూ తీర్చింది. ఆరు నెలలు దాటిన స్టాంపు పేపరు చెల్లదని జనం గట్టిగా నమ్ముతారు. స్టాంపు చట్టం 54వ సెక్షన్‌లోని ఆరు నెలలు వాడని పేపరు వాపసిచ్చి డబ్బు తెచ్చుకోవడానికే. పాత పేపరు వాడటం పత్రాన్ని రద్దు చేయదు. అనుమానానికి ఒక ఆధారం కావచ్చు, అంతే.

పని చేసినవి

అన్నిటికంటే ముందు ఒరిజినల్‌ను కోర్టు చేతికి రప్పించాం. దాఖలు కాగానే, ఆర్డర్ 13 రూల్ 8 కింద అది కోర్టు కస్టడీలోనే ఉండాలని పిటిషన్ వేసి ఆర్డరు తీసుకున్నాం. ఆ రోజునుంచి ఆ కాగితాన్ని మార్చడానికీ వీల్లేదు, పోగొట్టడానికీ వీల్లేదు.

తర్వాత వచ్చింది ఈ కేసులో నేను ఎక్కువ ఆలోచించిన ఘట్టం. పదిహేనేళ్ల లీజుకు వంద రూపాయల స్టాంపు సరిపోదు. లోటు సుంకం, దాని మీద పదిరెట్ల జరిమానా కడితే తప్ప ఎగ్జిబిట్‌గా, అంటే కోర్టు రికార్డులో సాక్ష్యంగా, మార్కు కాదు. అతను కట్టడానికి సిద్ధపడ్డాడు. మేం పూర్తిగా అడ్డుపడాలా? అడ్డుపడి గెలిస్తే పత్రం రికార్డులోకే రాదు, దాని నిజానిజాల మీద కోర్టు ఒక్క మాటా అనదు. అడ్వాన్సు గొడవ మాత్రం ఇతర సాక్ష్యాల పేరుతో బతికే ఉంటుంది. అందుకని లీజు గడువు కోసం దాన్ని చదవకూడదన్న అభ్యంతరాన్ని మార్కింగ్ రోజునే రికార్డు చేయించి, అడ్వాన్సు వరకు మార్కు కానిచ్చాం. జరిమానా కడితే స్టాంపు లోపం ఒక్కటే తీరుతుంది. రిజిస్ట్రేషన్ లేని లోపం తీరదు, సంతకం నిజమైపోదు. అతను ఆ మూడింటినీ ఒకటనుకున్నాడని నాకనిపించింది.

ఇక పత్రం చదవడం. వాక్యం వాక్యం కాదు, అక్షరం అక్షరం చదివాను. చివరి పేజీలో ఆస్తి షెడ్యూలు: ఇంటి నంబరు, వీధి, మండలం, జిల్లా. అక్కడ ఉన్న జిల్లా పేరు 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు పుట్టింది. పత్రం తేదీ 2015 జూన్. ఆ ఇంటి కొనుగోలు దస్తావేజులో పాత ఉమ్మడి జిల్లా పేరే ఉంది.

ఇది దొరికిన వెంటనే బయటపెట్టలేదు. బయటపెడితే షెడ్యూలు తర్వాత టైపు చేశామనో, పేజీ మార్చామనో సర్దుకుంటారు. అందుకే క్రాస్‌లో, అంటే వ్యాపారిని నేను ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, ముందు ఆ తలుపులు మూయాలి.

"ఈ పత్రం 2015 జూన్‌లోనే టైపు చేయించారా?"

"అవును."

"షెడ్యూలు పేజీ కూడా?"

"అన్నీ ఒకేరోజు. యజమాని చదువుకుని సంతకం పెట్టిండు."

"ఆ తర్వాత ఏ పేజీలోనైనా చేర్పులు, మార్పులు?"

"ఏమీ లేవు."

"షెడ్యూలులో జిల్లా పేరు చదవండి."

చదివాడు. జిల్లాల ఏర్పాటు నోటిఫికేషన్ కాపీ అతని చేతికిచ్చి తేదీ చదవమన్నాను. గెజెట్‌లో వచ్చిన విషయం కాబట్టి దానికి వేరే సాక్షి అక్కర్లేదు, కోర్టే గమనంలోకి తీసుకోవచ్చు. అతను టైపిస్టు పొరపాటు అన్నాడు. ఏడాది తర్వాత పుట్టబోయే జిల్లా పేరు పొరపాటున ఎలా టైపవుతుందన్నది నేను అడగలేదు. ఆ ప్రశ్న వాదనల రోజుకు దాచుకోవాలి. క్రాస్‌లో అడిగితే తీరిగ్గా ఆలోచించుకుని జవాబు చెప్పుకునే అవకాశం మనమే ఇచ్చినట్టు.

ఒక్క ఆధారం మీద తీర్పు నిలబడుతుందని అనుకోకూడదు, అప్పీలు ఉంటుంది. కాబట్టి అతను గొడవకు ముందే, గొడవతో సంబంధం లేని చోట, తన చేత్తో ఇచ్చిన కాగితం కోసం వెతికాం. ట్రేడ్ లైసెన్సుకు కిరాయి అగ్రిమెంటు జత చేస్తారు, జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కూ అడుగుతారు. మున్సిపాలిటీ నుంచి లైసెన్సు ఫైలు తెప్పించమని కోర్టు ద్వారా సమన్లు పంపాం. అందులో 2016 ఫిబ్రవరి నాటి పదకొండు నెలల అగ్రిమెంటు కాపీ, దాని మీద అతని సంతకం. కిరాయి పూర్తి మొత్తం. అడ్వాన్సు రెండు నెలల కిరాయి. పదిహేనేళ్ల లీజు ఎనిమిది నెలల కిందటే చేతిలో ఉన్న మనిషి, రెట్టింపు కిరాయికి పదకొండు నెలల అగ్రిమెంటు ఎందుకు రాసుకుంటాడు?

మూడోది స్టాంపు పేపరు వెనకవైపు. విక్రేత అక్కడ వరుస నంబరు, తేదీ, కొన్నవారి పేరు, ఎవరి కోసం అన్నది రాస్తాడు, అదే రిజిస్టరులోనూ ఎక్కిస్తాడు. విక్రేతను రిజిస్టరుతో సహా పిలిపించాం. ఆ తేదీన ఆ వరుస నంబరు ఎదురుగా ఉన్నది వేరే మనిషి పేరు, వేరే విలువ గల పేపరు.

గుమాస్తా సాక్ష్యం చివరిది. 2015లో తన కళ్లముందే సంతకం జరిగిందని చీఫ్ అఫిడవిట్‌లో (ప్రమాణం చేసి రాసిచ్చిన సాక్ష్యంలో) చెప్పాడు. దుకాణంలో ఎప్పుడు చేరావంటే, 2017లో పాప పుట్టిన ఏడాది అన్నాడు. అంతకుముందు ఈ ఊరు ఎప్పుడైనా వచ్చావా అంటే రాలేదన్నాడు.

తీర్పు, క్రిమినల్ కేసు

ఖాళీ చేయాలని డిక్రీ వచ్చింది. కౌంటర్ క్లెయిమ్ కొట్టేశారు. లీజు పత్రం దావా కోసం సృష్టించినదని కోర్టు తేల్చింది. నోటీసు గడువు ముగిసిన నాటినుంచి మార్కెట్ రేటు ప్రకారం నష్టపరిహారం లెక్కగట్టడానికి వేరే విచారణకు ఆదేశించింది. అతని మీద అసలు ఆర్థిక భారం పడింది ఇక్కడే. అబద్ధపు వాదనకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 35ఏ సెక్షన్ కింద సివిల్ కోర్టు వేయగల ఖర్చులు మామూలు దావాల్లో మూడు వేల రూపాయలు దాటవు. ఎవరినీ వెనక్కి తగ్గించే మొత్తం కాదది.

క్రిమినల్ ఫిర్యాదును సాక్ష్యాలు పూర్తయ్యేదాకా కావాలనే ఆపాం. ముందే వేస్తే నిందితుడిగా మౌనంగా ఉండే హక్కును అడ్డం పెట్టుకుని సివిల్ దావానే ఆపమని అడుగుతాడు. మా ఆధారాలూ ముందే తెలిసిపోతాయి. కాలపరిమితి భయం కూడా లేదు, మూడేళ్లకు మించిన శిక్ష ఉన్న నేరాలకు అది వర్తించదు.

ఎదుటిపక్షం మొదటి అభ్యంతరం: కోర్టులో దాఖలైన పత్రం మీద కోర్టే ఫిర్యాదు చేయాలి, ప్రైవేటు వ్యక్తి చేయకూడదని. దీనికి 2005లోనే రాజ్యాంగ ధర్మాసనం ఇక్బాల్ సింగ్ మర్వా కేసులో జవాబిచ్చింది. పత్రం కోర్టు కస్టడీలో ఉండగా ఫోర్జరీ జరిగితేనే ఆ నిషేధం. బయట తయారుచేసి తెచ్చినదానికి బాధితులే ఫిర్యాదు చేయవచ్చు. అయితే కోర్టులో అబద్ధపు సాక్ష్యం చెప్పడం వేరే నేరం, దానికి కోర్టు ఫిర్యాదు తప్పనిసరి. అందుకని అబద్ధపు అఫిడవిట్ల కోసం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 340 కింద పిటిషన్ విడిగా వేశాం. ఇప్పుడైతే అది ఆ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 379.

సెక్షన్ల ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. ఫోర్జరీ నేరం పత్రాన్ని తయారుచేసినవాడిదేనని షీలా సెబాస్టియన్ కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరు టైపు చేశారో, ఎవరు సంతకం గీశారో మాకు ప్రత్యక్ష సాక్ష్యం లేదు. కాబట్టి ఫిర్యాదుకు వెన్నెముకగా పీనల్ కోడ్ 471వ సెక్షన్ పెట్టాం: దొంగదని తెలిసీ నిజమైనదిగా వాడటం. దానికి తోడు 467, 468, కుట్ర. హక్కును కల్పించే పత్రం విలువైన సెక్యూరిటీ కిందికి వస్తుంది, డబ్బు ముట్టినట్టు రాసిన రసీదు కూడా 467 పరిధిలోదే. శిక్ష పదేళ్ల వరకు, యావజ్జీవం కూడా కావచ్చు. మోసం కోసం చేసిన ఫోర్జరీకి ఏడేళ్లు, అబద్ధపు సాక్ష్యానికి ఏడేళ్లు. 2024 జులై 1 తర్వాత జరిగిన నేరాలకైతే భారతీయ న్యాయ సంహితలో 471కి 340, 467కి 338, 468కి 336, అబద్ధపు సాక్ష్యానికి 229 చూడాలి. ఇది అంతకుముందు జరిగింది కాబట్టి పాత పీనల్ కోడే.

కోర్టు కేసును విచారణకు తీసుకున్నాక అతను రాజీకి వచ్చాడు. అప్పీలు ఉపసంహరించుకుని ఖాళీ చేస్తాను, కేసు ఎత్తేయండి అన్నాడు. ఈ సెక్షన్లు రాజీ పడదగినవి కావు. ఇద్దరూ ఒప్పుకున్నా హైకోర్టుకు వెళ్లి కొట్టేయించుకోవాలి, హైకోర్టు కొట్టేసి తీరాలని కూడా లేదు. ఆ సంగతి ఇద్దరికీ చెప్పాను. ఆమె ముందు తాళాలు కావాలంది. తాళాలు వచ్చాయి. కేసు మాత్రం ఎత్తేయనంది: "డబ్బుదైతే ఊరుకుందును. పోయినాయన పేరు దొంగతనానికి వాడుకున్నడు."

గుమాస్తాను నిందితుల్లో చేర్చాలా అన్నదాని మీద ఆమె, కొడుకు, నేను చాలాసేపు మాట్లాడుకున్నాం. నెల జీతం కోసం యజమాని చెప్పిన చోట సంతకం పెట్టిన మనిషి. చేర్చకుండా సాక్షిగా పెడితే, పత్రం ఎప్పుడు ఎక్కడ తయారైందో చెప్పగలిగేది అతనొక్కడే. చేరిస్తే అతని నోరు మూతపడుతుంది. చేర్చలేదు. అబద్ధపు అఫిడవిట్ సంగతి మాత్రం కోర్టు చేతిలో ఉంది, దాన్నుంచి అతన్ని తప్పించడం మా వల్ల కాదు.

ఈ కేసు తర్వాత నేను పాటిస్తున్నవి

కిరాయి పత్రం చేతికి రాగానే సంతకం కంటే ముందు పత్రం తేదీని, అందులోని ప్రతి పేరును, నంబరును పక్కపక్కన పెట్టి చూస్తాను. జిల్లా, మండలం, ఇంటి నంబరు, పిన్‌కోడ్, ఫోన్ నంబరు, ఆధార్, జీఎస్టీ నంబరు. 2014 జూన్ 2కు ముందటి తేదీ వేసి 'తెలంగాణ రాష్ట్రం' అని రాసిన పత్రాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4 నుంచి కొత్త జిల్లాలు వచ్చాయి, అక్కడా ఇదే పరీక్ష పనికొస్తుంది.

యజమాని పోయిన ఇళ్లలో వారసులకు ఒకటి చెబుతున్నాను. కిరాయిదారుతో వెంటనే కొత్త అగ్రిమెంటు రాసుకోండి, పాత అడ్వాన్సు ఎంతో అందులో ఇద్దరి సంతకాలతో తేల్చుకోండి, కిరాయి బ్యాంకు ఖాతాలోకే తీసుకోండి. కిరాయిదారులకు చెప్పేది కూడా ఉంది. రెండేళ్లకో ఐదేళ్లకో మాట్లాడుకుంటే రిజిస్టర్ చేయించమని పట్టుబట్టండి. తెల్ల స్టాంపు పేపరు మీద సంతకం ఎవరడిగినా పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే దాని నంబరు, తేదీ రాసి, వాపసివ్వమని స్పీడ్ పోస్టులో ఒక లేఖ పంపి, రసీదు దాచుకోండి.